గడియారం దగ్గర నవ్వు

ఆ ఊళ్లో వెనక్కి నడిచి బతుకుతున్న మనిషి ఒక్కతే ఉంది. పాత ఊరు చూడవచ్చిన వాళ్లను తెల్లవారుజామునే కోట గుమ్మం దగ్గర పోగుచేసి, ఎండెక్కేలోగా వీధులన్నీ తిప్పి చూపించే గైడు ఆవిడ. వాన ఉన్నా లేకపోయినా చేతిలో ఆకుపచ్చ గొడుగు ఉంటుంది కాబట్టి అందరూ గొడుగమ్మ అనే పిలుస్తారు. గొడుగెందుకంటే, గుంపులోంచి తప్పిపోయిన వాళ్లకు పైకెత్తి చూపించడానికి. మిగతా గైడులు ముందు నడుస్తూ మాటలు భుజం మీంచి వెనక్కి విసురుతారు, వాటిలో సగం గాలికే పోతాయి. గొడుగమ్మకు అది నచ్చదు. మొహాలు చూడకుండా కథ చెప్పడమేమిటి, గోడతో చెప్పుకున్నట్టు అంటుంది. అందుకని తను జనం వైపు తిరిగి, జనం చూడాల్సిన వాటికి వీపు పెట్టి, వెనక్కి నడుస్తూ చెబుతుంది.

పదేళ్లుగా అదే నడక. ఎక్కడ రాయి లేచి ఉందో, ఎక్కడ కాలువ మీది పలక ఊగుతుందో ఆవిడ మడమలకు తెలుసు. ఒక్కసారి తూలింది లేదు, ఒకరి కాలు తొక్కింది లేదు. తన ఆడపడుచు ముందుకు నడిచేది కూరగాయలకు వెళ్లేటప్పుడేనని వాళ్ల వదిన వీధంతా చెప్పి నవ్వుతుంది. నవ్వితే నవ్వనీ. గొడుగమ్మ వెనక, కాదు కాదు, గొడుగమ్మ ముందు నడిచినంత మంది ఆ ఊళ్లో ఇంకే గైడు దగ్గరా కనబడరు.

అంతమంది రావడానికి అసలు కారణం గడియారం జోకు. ఊరి నడిబొడ్డున ఒక కూడలి, కూడలి మధ్య గడియార స్తంభం. దానికెదురుగా నేలలో ఒక నల్లరాతి పలక ఉంది. ఉదయం ఆరు కొట్టడానికి రెండు నిమిషాల ముందు గొడుగమ్మ ఆ పలక మీద నిలబడి, స్తంభానికి వీపు పెట్టి, ఈ కథ చెబుతుంది. స్తంభం ఏడాదిలో లేపమని రాజుగారి హుకుం. మేస్త్రీ పదకొండేళ్లు కట్టాడు. ఇంత ఆలస్యమేమిటయ్యా అని రాజుగారు కళ్లెర్రజేస్తే, ఏం చెయ్యను దొరా, టైము చూసుకుందామంటే ఊళ్లో గడియారం లేదాయె అన్నాడట.

అంతే జోకు. ఉన్నమాట చెప్పుకోవాలి, అంత గొప్పదేం కాదు. వేరే గైడులు చెబితే ఒకరిద్దరు మర్యాదకు పెదవి కదుపుతారు. గొడుగమ్మ చెబితే మాత్రం జనం పొట్టలు పట్టుకుంటారు, కళ్లు తుడుచుకుంటారు. ఒకావిడైతే నవ్వి నవ్వి నేల మీద చతికిలబడింది. మేస్త్రీ మాట రాకముందే, రాజుగారి దగ్గరే నవ్వు మొదలైపోతుంది. మొదటి ఆరేళ్లూ ఆ జోకుకు ఎవరూ నవ్వలేదు. నాలుగేళ్ల కిందట ఒక పొద్దున ఉన్నట్టుండి నవ్వారు. ఆనాటి నుంచి ఒక్క రోజు తప్పలేదు. చెప్పగా చెప్పగా నాకు పట్టు చిక్కింది అనుకుంది గొడుగమ్మ. ఎవరికైనా అలాగే అనిపిస్తుంది, ఆవిణ్ణి తప్పుపట్టకండి. తోటి గైడులు దాక్కుని వినిపోయారు కూడా. స్తంభం వెనక సందు చివర నిలబడి, మాట మాట ఎక్కించుకుని వెళ్లి, తమ జనం దగ్గర చెప్పి మొహాలు వేలాడేసుకున్నారు.

ఆ నాలుగేళ్ల నుంచే గంటలాయన కూడా ఆ ఊళ్లో ఉన్నాడు. స్తంభంలోని గడియారానికి రోజూ కీ ఇచ్చి, నూనె పెట్టి, సెకను తేడా రాకుండా చూడటం ఆయన ఉద్యోగం. నలభై దాటని మనిషి, సన్నంగా ఉంటాడు, మాటకు పొదుపు. పెళ్లి కాలేదు. గొడుగమ్మకూ కాలేదు, ముప్పై ఆరేళ్లు. ఇద్దరికీ పరిచయం ఎంతంటే, పొద్దున్నే అయిదింటికి కోట గుమ్మం పక్కన టీ బల్ల దగ్గర ఒకే బెంచీ మీద చెరో చివర కూర్చునేంత. ఇవాళ ఎంతమంది అని ఆయన అడుగుతాడు. పదకొండు అనో, పద్నాలుగు అనో ఈవిడ చెబుతుంది. ఆయన తల ఊపి, గ్లాసు పెట్టేసి, స్తంభం వైపు వెళ్లిపోతాడు.

సోమవారం మాత్రం ఒక మాట ఎక్కువ. గొడుగమ్మ చేతి గడియారం ప్రతి సోమవారం అయిదు నిమిషాలు వెనకబడి ఉంటుంది. ఆయన చెయ్యి చాపుతాడు, ఈవిడ గడియారం విప్పి ఇస్తుంది, ఆయన చూపుడు వేలూ బొటనవేలూ పెట్టి కీ తిప్పి సరిచేసి ఇస్తాడు. ఆయన చేతి వేడి ఇంకా ఆరని ఆ గడియారాన్ని ఈవిడ మళ్లీ మణికట్టుకు పెట్టుకుంటుంది. గడియారంలో ఏ రోగమూ లేదు. ప్రతి ఆదివారం పడుకోబోయే ముందు గొడుగమ్మే దాన్ని అయిదు నిమిషాలు వెనక్కి తిప్పి పెడుతుంది. ఊరికంతటికీ టైము చెప్పే మనిషికి ఆ మాత్రం తెలియకుండా ఉంటుందా అని ఆవిడకు ఒక్కసారైనా తోచలేదు. ఇలాంటి వ్యవహారాల్లో తెలివైన వాళ్ల బుర్రలు కూడా అలాగే పనిచేస్తాయి.

ఆ ఆదివారం సాయంత్రం వదిన ఆఫీసు నుంచి వస్తూనే చెప్పులు కూడా విప్పకుండా వార్త చెప్పింది. వదిన పురపాలక కార్యాలయంలో గుమాస్తా. మామూలుగా ఆదివారం సెలవే, కానీ గడియారానికి కరెంటు మిషను పెడుతున్నారని, ఆ కాగితాలు తయారుచేయడానికి పిలిపించారట. ఇక కీ ఇచ్చే మనిషితో పనిలేదు. గంటలాయన్ని సముద్రం పక్కన రేవు గడియారానికి బదిలీ చేశారు. సోమవారం పొద్దున ఏడింటి బండికి వెళ్లిపోతున్నాడు.

గొడుగమ్మ చేతిలో చీపురు ఉంది. ఊడ్చిన గదే మళ్లీ ఊడ్చింది. వదిన కాసేపు చూసి, చీపురు లాక్కుని మూలన పెట్టింది.

"ఆయనకు చెబుతావా, చెప్పవా?"

"ఏం చెప్పాలి వదినా?"

"నన్నడుగుతావేం. నాలుగేళ్ల నుంచి ఆ వాచీని ఎందుకు హింస పెడుతున్నావో అది చెప్పు."

వదినకు ఆ సంగతి ఎలా తెలుసని అడిగే ధైర్యం గొడుగమ్మకు లేకపోయింది. రాత్రంతా మాటలు కూర్చుకుంది. నోటితోనే బతికే మనిషికి రెండు ముక్కలు చెప్పడం ఎంతసేపనుకుంది గానీ, కూర్చిన ప్రతి మాటా కోట గురించి చెబుతున్నట్టే ఉంది. చివరికి ఒక నిర్ణయానికి వచ్చింది. పొద్దున బెంచీ దగ్గరే చెప్పెయ్యాలి. అక్కడ కుదరకపోతే స్తంభం దగ్గర. జోకుకు జనం ఎలాగూ రెండు మూడు నిమిషాలు నవ్వుతారు, తర్వాత ఫొటోలు తీసుకుంటారు, ఆ సందులో మెట్లెక్కి చెప్పెయ్యాలి. ఏడింటి బండి కదిలిందంటే ఇక జన్మలో చెప్పేది లేదు. ఇదంతా ఆలోచిస్తూ, చేతి అలవాటు కొద్దీ, వాచీని అయిదు నిమిషాలు వెనక్కి తిప్పి పడుకుంది.

పొద్దున బెంచీ ఖాళీగా ఉంది. గంటలాయన ఇవాళ రాలేదని, పనిముట్లు అప్పగించడానికి నాలుగింటికే స్తంభం దగ్గరికి వెళ్లాడని టీ బల్ల ఆయన చెప్పాడు. గొడుగమ్మ బెంచీకి తన చివరే కూర్చుని, ఆయన చివర వైపు చూస్తూ టీ తాగింది. టీలో చక్కెర ఉందో లేదో కూడా తెలియలేదు.

గుమ్మం దగ్గర ఆ రోజు పదిమంది. అందులో మీరు గుర్తు పెట్టుకోవలసింది ముగ్గుర్నే. ఒకాయన రిటైరైన లెక్కల మాస్టారు, కనబడిన ప్రతిదాన్నీ లెక్కపెడతాడు. ఇంకొకావిడ పళ్ల డాక్టరు. మూడేళ్ల కిందట ఒకసారి ఇదే నడకకు వచ్చి వెళ్లిందట, ఇప్పుడు మళ్లీ వచ్చింది. ఆవిడ పక్కన వాళ్ల అత్తగారు, నోరు బిగించి, చేతులు కట్టుకుని. ఆవిడకు కోడలే కొత్త పళ్ల సెట్టు పెట్టింది. నెల రోజులైంది, ఆ పళ్లు ఇంతవరకూ లోకానికి కనబడలేదు. అత్తగారు నవ్వితేగా.

డాక్టరమ్మ గొడుగమ్మను పక్కకు పిలిచి రహస్యంగా అడిగింది. గడియారం దగ్గర మీ నాటకం ఇంకా ఉందా, అది చూపించి మా అత్తగారి నోరు తెరిపిద్దామనే ఇంత దూరం తీసుకొచ్చానంది. తన జోకు మూడేళ్లు గుర్తుండి, ఊరు దాటి మనుషుల్ని రప్పిస్తోందని విని గొడుగమ్మ అంత దిగుల్లోనూ రెండంగుళాలు పొడవు పెరిగింది. నాటకం అన్న మాట కాస్త వింతగా అనిపించింది గానీ, మెచ్చుకునేవాళ్ల మాటల్లో తప్పులు వెతకడం బాగుండదని ఊరుకుంది.

నడక మొదలైంది. గొడుగమ్మ ఆ రోజు నడవలేదు, వెనక్కి పరిగెత్తింది. కోట గుమ్మం కథ నాలుగు ముక్కల్లో తేల్చేసింది. ఎప్పుడూ పది నిమిషాలు చెప్పే రాణిగారి మేడ కథలో రాణిగారికి పెళ్లి కాకముందే పిల్లల్ని పుట్టించింది. ఎవరో అడిగితే, ఆ రోజుల్లో అన్నీ త్వరగా జరిగేవండీ అని దాటేసింది. కంగారు అలా ఉంటే మరోపక్క నవ్వొస్తోంది, ఎందుకో తెలియదు. ఇవాళ చెప్పేస్తాను, ఇవాళ చెప్పేస్తాను అని మడమలు రాళ్ల మీద టకటకలాడుతున్నాయి. జనానికి కూడా ఆ వేగం అంటుకుంది. పదిమందీ ఆయాసపడుతూనే నవ్వుకుంటూ వెంటపడ్డారు. అత్తగారు మాత్రం చేతులు కట్టుకునే పరిగెత్తింది.

అలా దిగుడు బావి దగ్గరికి చేరారు. మాస్టారు మెట్లు లెక్కపెడుతున్నాడు. గొడుగమ్మ వాచీ చూసుకుంది. అయిదు యాభై అయిదు. ఇక్కణ్నుంచి కూడలికి మూడు నిమిషాలు. పరవాలేదు, వేళకే ఉన్నాం అనుకుని ఊపిరి పీల్చుకుంది. పీల్చుకున్న ఊపిరి ఇంకా వదల్లేదు, ఇళ్లపైనుంచి గంట కొట్టింది. ఒకటి. రెండు. మూడు. మాస్టారు అలవాటుగా పైకే లెక్కపెట్టాడు. ఆరు.

"మీ వాచీ అయిదు నిమిషాలు వెనకుందమ్మా" అన్నాడు తన వాచీ చూపిస్తూ.

అప్పుడు గుర్తొచ్చింది గొడుగమ్మకు, రాత్రి తన వేళ్లు చేసిన ఘనకార్యం. సోమవారం. సరిచేసే మనిషి బెంచీ మీద లేడు. తన గోతిలో తనే పడింది. పదేళ్లలో ఆరు కొట్టేసరికి నల్లపలక మీద లేకపోవడం ఇదే మొదటిసారి, అదీ ఇవాళే. కొంప మునిగిందని తెలిసిపోయింది. మాస్టారిని మెట్ల మీదినుంచి దాదాపు లాక్కొచ్చి, అందరూ వెళ్లే పెద్ద వీధి వదిలేసి, ఇత్తడి పనివాళ్ల సందులోకి దూరింది. అది అడ్డదారి. అక్కడ వెనక్కి నడవడం అలవాటు లేదు. గోడకు ఒకసారి, గుమ్మానికి ఒకసారి, కట్టేసిన సైకిలుకు ఒకసారి వీపు తగిలించుకుని, తొలిసారి జీవితంలో తూలి, మాస్టారి చేతుల్లో పడి లేచి, మొత్తానికి కూడలిలోకి వచ్చిపడింది.

నల్లపలక మీద నిలబడింది. జుట్టు సర్దుకుంది. స్తంభానికి వీపు పెట్టింది. జనం పదిమందీ ఎదురుగా చేరారు. డాక్టరమ్మ వాళ్ల అత్తగారిని ముందు వరసలోకి తోసి, పైకి చూడండి, పైకి చూడండి అని చెవిలో చెబుతోంది. గొడుగమ్మ గొడుగెత్తి మొదలుపెట్టింది. ఏడాదిలో లేపమని రాజుగారి హుకుం. ఎవరూ నవ్వలేదు. మేస్త్రీ పదకొండేళ్లు కట్టాడు. ఎవరూ నవ్వలేదు. రాజుగారు కళ్లెర్రజేశారు. గొడుగమ్మ కూడా కళ్లెర్రజేసి చూపించింది. ఏం చెయ్యను దొరా, టైము చూసుకుందామంటే ఊళ్లో గడియారం లేదాయె.

ఒక పావురం ఎగిరిన చప్పుడు వినబడింది. మర్యాదకు మాస్టారి పెదవి కాస్త కదిలింది. గొడుగమ్మకు తల కొట్టేసినట్టయింది. నాలుగేళ్లుగా రోజూ మోగిన నవ్వు, ఇవాళ, ఈ ఒక్క రోజు, లేదు. నవ్వే లేకపోతే మెట్లెక్కే సందేదీ? డాక్టరమ్మ మాత్రం ఇంకా ఆవిడ తల పైకే చూస్తోంది, ఎదురుచూస్తున్నట్టుగా.

"ఆయన రాలేదేమండీ?" అంది చివరికి.

"ఎవరు?"

"అదేనండీ, మీ ఆయన. పైన కిటికీలో."

మా ఆయనెవరూ లేరని గొడుగమ్మ అనబోయింది. డాక్టరమ్మ నాటకం చెడిందన్న బాధతో అత్తగారికి వివరిస్తున్నట్టు చెప్పుకుపోయింది. ఈవిడ ఇక్కడ జోకు మొదలుపెట్టగానే గడియారం కింద ఆ చిన్న కిటికీ తెరుచుకుంటుంది. ఒకాయన, సన్నగా ఉంటాడు, ఇలాంటి ఆకుపచ్చ గొడుగే పట్టుకుని నిలబడతాడు. ఈవిడ గొడుగెత్తితే ఎత్తుతాడు. జుట్టు సర్దుకుంటే సర్దుకుంటాడు. రాజుగారి కళ్లెర్రజేయడం, మేస్త్రీ చేతులు తిప్పడం, అన్నీ అచ్చం ఈవిడ చేసినట్టే, ఒక్క క్షణం తేడా లేకుండా చేస్తాడు. చూస్తుంటే పొట్ట చెక్కలవుతుంది.

"మరి చివరికి మూడు పనులు చేస్తాడు" అంది డాక్టరమ్మ. "చెయ్యి గుండెల మీద పెట్టుకుంటాడు. మిమ్మల్ని చూపిస్తాడు. తర్వాత వేలు పెదవుల మీద పెట్టుకుంటాడు, ఆవిడకు చెప్పొద్దని. ఎంత బాగా కుదుర్చుకున్నారో ఇద్దరూ అనుకున్నాను."

గొడుగమ్మ అలాగే నిలబడిపోయింది. నాలుగేళ్లు. రోజూ పదిమందో పదిహేనుమందో. ఊళ్లోకి వచ్చిపోయిన వేలమందికి తెలుసు. నేల మీద చతికిలబడినావిడకు తెలుసు. తెలియనిది తనొక్కత్తికే. జోకు తనది కాదన్నమాట, నవ్వు తనది కాదన్నమాట. పరువు పోయిందని ఏడవాలి నిజానికి. ఏడుపు రాలేదు. ఒళ్లంతా తేలిపోయింది. పలక మీద నిలబడి పదేళ్లలో మొదటిసారి వెనక్కి తిరిగి గడియార స్తంభాన్ని చూసింది. ఎంత ఎత్తుగా ఉంది. చిన్న కిటికీ తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. లోపల ఎవరూ లేరు.

ఆరు దాటి పది నిమిషాలు. వెళ్లిపోయాడేమో. ఆరింటికి కిటికీ తెరిచి, పలక మీద తను లేకపోవడం చూసి, ఇక రాదనుకుని బయల్దేరాడేమో. చేతిలోని గొడుగు మాస్టారికి ఇచ్చి, అయిదు నిమిషాలండీ అని, సమాధానం వినకుండా స్తంభం తలుపులోకి పరిగెత్తింది. ముందుకే. పడుతూ లేస్తూ, చీర కుచ్చిళ్లు చేత్తో పట్టుకుని, తొంభై ఎనిమిది మెట్లు. మెట్లు తొంభై ఎనిమిదని రోజూ జనానికి చెబుతుంది గానీ, తొంభై ఎనిమిదంటే ఇంతని ఇప్పుడే తెలిసింది.

పైగదిలో గడియారం యంత్రం టకటక కొట్టుకుంటోంది. గొడుగమ్మ గుండె దానికంటే గట్టిగా కొట్టుకుంటోంది. గదిలో మనిషి లేడు. నూనె డబ్బా మూతపెట్టి ఉంది. ఒక మూల తాడు కట్టిన పెట్టె ఉంది. పెట్టె ఇక్కడే ఉందంటే మనిషి వెళ్లలేదు. ఆ మాటే రెండుసార్లు పైకి అనుకుంది. పెట్టె మీద ఆకుపచ్చ గొడుగు. దాన్ని చూడగానే గుర్తుపట్టింది. నాలుగేళ్ల కిందటి గాలివానలో పుల్లలు విరిగితే టీ బల్ల పక్కన చెత్తడబ్బాలో పారేసిన గొడుగు. పిడికి తనే చుట్టిన ఎర్రదారం ఇంకా ఉంది. విరిగిన పుల్లలకు గడియారం స్ప్రింగు తీగతో కట్లు కట్టి ఉన్నాయి. ఎంత పొందిగ్గా కట్టాడంటే, తెరిస్తే కొత్తదానికంటే చక్కగా తెరుచుకుంది. గొడుగమ్మకు అప్పుడు కళ్లల్లో నీళ్లు తిరిగాయి, నవ్వు కూడా ఆగలేదు, రెండూ ఒకేసారి.

గొడుగు పట్టుకునే కిటికీ దగ్గరికి వచ్చింది. కింద కూడలి అరచేతంత కనబడుతోంది. నల్లపలక, దాని ముందు తన పదిమంది. ఆయనకు నాలుగేళ్లూ కనబడింది ఇదే, తన నడినెత్తి, తన వీపు. ఇలా చూస్తూ ఉండగా పెద్ద వీధి మలుపులోంచి ఒక సన్నటి మనిషి పరుగున వచ్చాడు.

సంగతేమిటంటే, ఆరింటికి పలక ఖాళీగా ఉండటం చూసి గంటలాయన నిలవలేకపోయాడు. నాలుగేళ్లలో ఒక్కసారి తప్పని మనిషి రాలేదంటే ఎక్కడో పడిపోయి ఉంటుందని, వెనక్కి నడిచే మనిషి కదా, కంగారుగా మెట్లు దిగి పెద్ద వీధివెంట బావిదాకా వెతుక్కుంటూ పోయాడు. గొడుగమ్మ అప్పుడే అడ్డదారిలో సైకిలుకు గుద్దుకుంటోంది. అలా ఇద్దరూ ఒకరినొకరు దాటిపోయారు. ఇప్పుడు ఆయన రొప్పుతూ వచ్చి, ఆకుపచ్చ గొడుగు మాస్టారి చేతిలో ఉండటం చూసి, తిన్నగా నల్లపలక మీదికెక్కి, స్తంభానికి వీపు పెట్టి, జనం వైపు తిరిగి నిలబడ్డాడు.

"ఈ గొడుగు గల ఆవిడేరండీ? దెబ్బేమైనా తగిలిందా?"

ఆ గొంతులోని కంగారు పైదాకా వినబడింది. గొడుగమ్మ పిలవబోయి ఆగిపోయింది. ఆయన మాస్టారి వైపు చెయ్యి చాపి అడుగుతున్నాడు. తనూ చెయ్యి చాపింది. ఆయన నుదుటి చెమట తుడుచుకున్నాడు. తనూ తుడుచుకుంది. ఆయన తల గోక్కున్నాడు. తనూ గొడుగు పిడితో తల గోక్కుంది. కింద ముందుగా డాక్టరమ్మ చూసింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తర్వాత మాస్టారు చూశాడు. తర్వాత అత్తగారు చూసింది. ఒక్క క్షణం బిగించిన నోరు అలాగే వణికింది, ఆపైన తెరుచుకుంది, ముప్పై రెండు పళ్లూ తళుక్కుమన్నాయి. నెల రోజులు దాచిన నవ్వంతా ఒక్కసారి బయటపడింది. ఆవిడ నవ్వుతో పదిమందీ అందుకున్నారు. కోడలు ఆనందం పట్టలేక, సెట్టు ఎంత బాగా కూర్చుందో చూడండి అని పక్కవాళ్లకు చూపిస్తోంది.

గంటలాయన అటూ ఇటూ చూశాడు. తన దెబ్బల ప్రశ్నకు అంత నవ్వెందుకో ఆయనకు ముందు అర్థం కాలేదు. ఆ పలక మీద నిలబడిన మనిషిని చూసి జనం నవ్వడం, నవ్వుతున్న వాళ్లందరి కళ్లూ తల పైకి ఉండటం, దానర్థమేమిటో ఆ ఊళ్లో ఇంకెవరికీ తెలియకపోవచ్చు. ఆయనకు తెలుసు. చెవులు ఎర్రబడ్డాయి. మెల్లగా, చాలా మెల్లగా వెనక్కి తిరిగాడు.

పైన కిటికీలో గొడుగమ్మ నిలబడి ఉంది, కట్లు కట్టిన గొడుగు తెరిచి పట్టుకుని. రాత్రంతా కూర్చిన మాటలు ఒక్కటీ గుర్తులేదు, అవసరమూ కనబడలేదు. చెయ్యి గుండెల మీద పెట్టుకుంది. తర్వాత ఆయన్ని చూపించింది. మూడో పని మిగిలింది. కిందివాళ్లందరూ ఎదురుచూశారు, ఆయన కూడా చూశాడు. గొడుగమ్మ వేలు పెదవుల మీద పెట్టుకోలేదు. నోరంతా తెరిచి, ఊరంతా వినబడేలా అడిగింది.

"నాలుగేళ్లా? ఇంత ఆలస్యమేమిటండీ?"

గంటలాయన గొంతు సవరించుకున్నాడు. నాలుగేళ్లుగా రోజుకోసారి చొప్పున ఆ జోకు పైనుంచి విన్న మనిషి. మేస్త్రీలా రెండు చేతులూ తిప్పాడు.

"ఏం చెయ్యనండీ" అన్నాడు, "టైము చూసుకుందామంటే ఊళ్లో గడియారం లేదాయె."

పైన ఆయన తల మీదే అంత పెద్ద గడియారం ఆరూ పదిహేను చూపిస్తోంది. కూడలి కూడలంతా గొల్లుమంది. అత్తగారు కోడలి భుజం పట్టుకుని వంగిపోయింది, మాస్టారు నవ్వేవాళ్లను లెక్కపెడుతూ తనను కలుపుకోవడం మర్చిపోయాడు. గొడుగమ్మ కిటికీ చట్రానికి ఆనుకుని, ఆ నవ్వునంతా ఎదురుగా, మొహాలతో సహా చూసింది. పదేళ్లుగా చెబుతున్న ఆ జోకుకు జనం నవ్వడం నిజానికి అదే మొదటిసారి.